భాగం 9: చిన్నపేగు పరిశీలనలో అయస్కాంత అనునాద చిత్రణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• చిన్నపేగు మధ్యభాగాన్ని చూడటం ఎందుకు కష్టమో చెప్పగలుగుతారు;
• అయస్కాంత అనునాద చిత్రణ (ఎం.ఆర్.ఐ.) పనిచేసే సూత్రాన్ని వివరించగలుగుతారు;
• పేగు పరీక్షకు ముందు రోగి చేయవలసిన సన్నాహాన్ని, దాని వెనుక ఉన్న కారణాలను తెలుపగలుగుతారు;
• పేగు క్షయకు, క్రోన్స్ వ్యాధికి చిత్రంలో కనిపించే తేడాలను, వాటి పరిమితులను చర్చించగలుగుతారు.

9.1 ప్రస్తావన

వెనుకటి భాగంలో మెదడు, వెన్నుపాములను ఎం.ఆర్.ఐ. ద్వారా ఎలా పరిశీలిస్తారో చదివారు. అవి కదలని అవయవాలు. ఎముకల మధ్య భద్రంగా ఉంటాయి. చిన్నపేగు అలాంటిది కాదు. అది నిరంతరం కదులుతూ ఉంటుంది, మడతలు పడి ఉంటుంది, దానిలో గాలి, ఆహారం, ద్రవం కలిసి ఉంటాయి. అందుకే చాలాకాలం పాటు ఎం.ఆర్.ఐ.కి ఇది లొంగని అవయవంగా ఉండిపోయింది.

విషయం తేలికగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం జిల్లా కారేపల్లి ప్రాంతంలోని ఒక తండాలో 24 సంవత్సరాల యువకుడు ఉన్నాడని ఊహించండి. అతనికి ఆరు నెలలుగా అన్నం తిన్న గంట, రెండు గంటలకు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. సాయంత్రాలు కొద్దిపాటి జ్వరం ఉంటుంది. బరువు బాగా తగ్గాడు. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం బాగానే ఉందన్నారు. స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చేస్తే "కుడివైపు కింద పేగు కొంచెం మందంగా ఉంది" అని మాత్రమే రాశారు. ఇతనికి ఉన్నది పేగు క్షయ కావచ్చు, క్రోన్స్ వ్యాధి కావచ్చు. ఈ రెండింటి లక్షణాలూ దాదాపు ఒకటే. చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. ఒకదాని మందు మరొకదానికి వాడితే ప్రాణాపాయం కలగవచ్చు. ఈ యువకుడిని మనసులో ఉంచుకుని ఈ భాగాన్ని చదవండి.

9.2 చిన్నపేగును చూడటం ఎందుకు కష్టం?

చిన్నపేగులో మూడు భాగాలున్నాయి: ఆంత్రమూలం, జెజునం, ఇలియం. ఆంత్రమూలం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మొత్తం పేగు పొడవు మనిషిని బట్టి మారుతుంది. పాఠ్యగ్రంథాలు సాధారణంగా సుమారు 6 మీటర్లు అని చెబుతాయి. మనం తిన్న ఆహారంలోని పోషకాలలో ఎక్కువ భాగం ఇక్కడే రక్తంలోకి చేరుతుంది. ఫోలిక్ ఆమ్లం ప్రధానంగా పేగు పై భాగంలో, విటమిన్ బి12 ఇలియం చివరి భాగంలో శోషణ చెందుతాయి. అందువల్ల ఏ భాగం దెబ్బతిన్నదనే దానిని బట్టి ఏ పోషకం లోపిస్తుందో మారుతుంది.

ఈ సందర్భంలో భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును గుర్తు చేసుకోవాలి. పేగులో శోషణను దెబ్బతీసే ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో ఆయన సోదరులు ఇద్దరు మరణించారు. ఆయన కూడా ఆ వ్యాధి బారిన పడి కోలుకున్నాడు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలోని బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ వల్ల కలిగే రక్తహీనతకు అది మందుగా పనికివచ్చింది. బతికున్న మనిషి పేగు గోడలో ఏం జరుగుతోందో చూసే సాధనం మాత్రం ఆనాటి వైద్యులకు లేదు.

ఇప్పుడు ఉన్న సాధనాలను చూద్దాం. నోటి నుంచి పంపే సాధారణ ఎండోస్కోపు ఆంత్రమూలం వరకు చేరుతుంది. మలద్వారం నుంచి పంపే కొలనోస్కోపు పెద్దపేగును దాటి ఇలియం చివర కొన్ని సెంటీమీటర్ల వరకు వెళుతుంది. మధ్యలో మిగిలిన భాగం రెండింటికీ అందదు. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ వెళ్లే రైలు మార్గాన్ని తనిఖీ చేయడానికి ఒకరు డోర్నకల్ నుంచి, మరొకరు భద్రాచలం రోడ్ నుంచి కొద్ది దూరం మాత్రమే నడిచి వెనుదిరిగారనుకోండి. మధ్యలో కారేపల్లి దగ్గర పట్టా విరిగి ఉన్నా ఇద్దరికీ తెలియదు. చిన్నపేగు విషయంలో జరిగేది ఇదే.

మధ్యభాగాన్ని చూడటానికి ఉన్న ఇతర మార్గాలు ఇవి:

బేరియం పరీక్ష: రోగి బేరియం ద్రవం తాగిన తరువాత ఎక్స్-రేలు తీస్తారు. పేగు లోపలి దారి ఆకారం తెలుస్తుంది, గోడ మందం తెలియదు.

క్యాప్సూల్ ఎండోస్కోపీ: మాత్ర ఆకారంలో ఉన్న చిన్న కెమెరాను మింగిస్తారు. దీనిని 2000లో శాస్త్రలోకానికి ప్రకటించారు. పేగు లోపలి పొరను చక్కగా చూపుతుంది. అయితే పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే క్యాప్సూల్ అక్కడే చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. మన ఉదాహరణలోని యువకుడికి ఈ ప్రమాదం ఎక్కువ.

బెలూన్ ఎంటిరోస్కోపీ: జపాన్‌లో హిరోనొరి యమమోటో రూపొందించిన పద్ధతి. లోపలికి వెళ్లి ముక్క తీయవచ్చు. సమయం, నైపుణ్యం, మత్తు అవసరం.

సి.టి. ఎంటిరోగ్రఫీ: వేగంగా పూర్తవుతుంది, ఎక్కువ చోట్ల లభిస్తుంది. అయితే ఎక్స్-కిరణాలు వాడతారు. చిన్న వయసులో మొదలై జీవితమంతా ఉండే వ్యాధిలో ఈ పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తే శరీరానికి అందే వికిరణం పెరుగుతూ పోతుంది.

ఎం.ఆర్. ఎంటిరోగ్రఫీ: ఎక్స్-కిరణాలు అవసరం లేదు. పేగు లోపలి దారినే కాక గోడను, గోడ బయట ఉన్న కొవ్వును, రక్తనాళాలను, శోషరస గ్రంథులను కూడా చూపుతుంది. పట్టాలతో పాటు వాటి కింది కట్టను, పక్కనున్న కాలువలను కూడా తనిఖీ చేయడం లాంటిది ఇది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పేగు ఇరుకుగా ఉందన్న అనుమానం ఉన్నప్పుడు క్యాప్సూల్ ఎండోస్కోపీకి ఎందుకు వెనుకాడతారు?

9.3 ఎం.ఆర్.ఐ. పనిచేసే సూత్రం

మన శరీరంలో ఎక్కువ భాగం నీరు, కొవ్వు. ఈ రెండింటిలోనూ హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకం ఒక ప్రోటాన్. అది చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా ఈ అయస్కాంతాలు తలో దిక్కుగా ఉంటాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే క్షేత్ర దిశలో ఉండేవాటి సంఖ్య కొద్దిగా ఎక్కువవుతుంది. అదే సమయంలో బొంగరం తన అక్షం చుట్టూ ఊగినట్లు ప్రోటాన్లు ఒక నిర్దిష్ట పౌనఃపున్యంతో ఊగుతాయి. దీనిని లార్మర్ పౌనఃపున్యం అంటారు.

లార్మర్ పౌనఃపున్యం = 42.58 మెగాహెర్ట్జ్ × అయస్కాంత క్షేత్రం (టెస్లాలలో)

ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే 1.5 టెస్లా యంత్రానికి: 42.58 × 1.5 = 63.87 మెగాహెర్ట్జ్. 3 టెస్లా యంత్రానికి: 127.74 మెగాహెర్ట్జ్. మీరు వినే ఎఫ్.ఎం. రేడియో ప్రసారాలు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. అంటే ఎం.ఆర్.ఐ. యంత్రం వాడేది రేడియో తరంగాల కోవకు చెందిన శక్తినే. ఎక్స్-కిరణాల మాదిరిగా పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి దీనికి లేదు. బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా ఎం.ఆర్.ఐ. గది గోడలకు రాగి వంటి లోహపు రేకు తొడుగుతారు.

ఈ పౌనఃపున్యానికి సరిపోయే రేడియో తరంగాన్ని పంపినప్పుడు ప్రోటాన్లు శక్తిని గ్రహిస్తాయి. ఇదే అనునాదం. తరంగాన్ని ఆపగానే అవి గ్రహించిన శక్తిని వదులుతూ పూర్వస్థితికి చేరతాయి. ఆ సమయంలో వెలువడే బలహీనమైన సంకేతాన్ని యంత్రంలోని తీగచుట్టలు అందుకుంటాయి. పూర్వస్థితికి చేరే వేగాన్ని టి1, టి2 అనే రెండు కాలాలతో కొలుస్తారు. టి2 ఆధారిత చిత్రంలో నీరు తెల్లగా కనిపిస్తుంది. వాపు వచ్చిన కణజాలంలో నీరు ఎక్కువ కాబట్టి అదీ తెల్లగా కనిపిస్తుంది.

సంకేతం శరీరంలో ఏ చోటు నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? క్షేత్ర బలాన్ని ఒక చివర నుంచి మరొక చివరకు క్రమంగా మారుస్తారు. అప్పుడు ఒక్కొక్క చోట ప్రోటాన్లు ఒక్కొక్క పౌనఃపున్యంతో ఊగుతాయి. పౌనఃపున్యమే స్థానానికి చిరునామా అవుతుంది. ఈ ఆలోచనతో పాల్ లాటర్‌బర్ 1973లో చిన్న నీటి గొట్టాల చిత్రాన్ని ప్రచురించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ చిత్రాలను అతి వేగంగా తీసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. వీరిద్దరికీ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కదిలే పేగును చిత్రించడంలో ఈ వేగానికి ఉన్న ప్రాధాన్యం తరువాతి విభాగంలో మీకే తెలుస్తుంది.

9.4 పేగు పరీక్షకు ప్రత్యేక సన్నాహం

పేగును చిత్రించడంలో మూడు అడ్డంకులున్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పరిష్కారం ఉంది.

మొదటి అడ్డంకి: ముడుచుకున్న పేగు. ఖాళీ పేగు గోడలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆరోగ్యమైన గోడ కూడా అప్పుడు మందంగా కనిపిస్తుంది. గాలి తీసిన సైకిల్ ట్యూబులో పంక్చరు వెతకడం ఎంత కష్టమో ఇదీ అంతే. అందుకే రోగి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా వచ్చి, 45 నుంచి 60 నిమిషాలలో ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల ప్రత్యేక ద్రవం తాగాలి. మామూలు నీరు తాగితే పేగు త్వరగా పీల్చేసుకుంటుంది. మానిటాల్ వంటి పదార్థాన్ని పేగు దాదాపుగా పీల్చుకోదు. అది ద్రవాభిసరణ వల్ల నీటిని తనతో పాటు పేగులోనే నిలిపి ఉంచుతుంది. 2.5 శాతం ద్రావణం 1.5 లీటర్లు తాగితే శరీరంలోకి వెళ్లే మానిటాల్ 37.5 గ్రాములు. ఈ ద్రవం టి2 చిత్రంలో తెల్లగా, టి1 చిత్రంలో నల్లగా కనిపించి పేగు గోడ అంచును స్పష్టం చేస్తుంది.

రెండవ అడ్డంకి: పేగు కదలిక. పెరిస్టాలసిస్ చలనం వల్ల చిత్రం మసకబారుతుంది. దీనిని కొద్ది నిమిషాలు ఆపడానికి హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ వంటి మందును సూదిద్వారా ఇస్తారు. కొన్ని రకాల నీటికాసులు, గుండె జబ్బులు ఉన్నవారికి ఈ మందు తగదు కాబట్టి ముందే చెప్పాలి.

మూడవ అడ్డంకి: శ్వాస. ఊపిరి తీసినప్పుడల్లా పొట్టలోని అవయవాలు కిందికి, పైకి కదులుతాయి. అందుకే "ఊపిరి బిగపట్టండి" అని చెప్పినప్పుడు రోగి సుమారు 15 నుంచి 20 సెకన్లు ఊపిరి ఆపాలి. మాన్స్‌ఫీల్డ్ మొదలుపెట్టిన వేగవంతమైన చిత్రణ లేకపోతే ఇంత తక్కువ సమయంలో చిత్రం తీయడం సాధ్యమయ్యేది కాదు.

వీటిని బట్టి ఒక ముఖ్య విషయం గమనించండి. ఈ పరీక్ష నాణ్యత యంత్రం మీద ఎంత ఆధారపడుతుందో రోగి సహకారం మీద కూడా అంతే ఆధారపడుతుంది. ద్రవం సగమే తాగి "చాలు" అన్న రోగి చిత్రంలో లేని జబ్బు ఉన్నట్లు, ఉన్న జబ్బు లేనట్లు కనిపించవచ్చు. ఎందుకు తాగాలో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పడం కూడా ఈ పరీక్షలో భాగమే. ఇంకొక ఆచరణాత్మక విషయం: మానిటాల్ వల్ల తరువాత కొన్ని గంటలు నీళ్ల విరేచనాలు కావచ్చు. ఖమ్మం లేదా హైదరాబాద్ వచ్చి పరీక్ష చేయించుకున్నవారు వెంటనే ఊరికి బస్సు ఎక్కకుండా కొంత వ్యవధి ఉంచుకోవడం మంచిది.

చివరగా గెడోలినియం కలిగిన మందును నరంలోకి ఇచ్చి మరికొన్ని చిత్రాలు తీస్తారు. రక్తప్రసరణ ఎక్కువగా ఉన్న వాపు భాగం ఈ చిత్రాలలో మెరుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ద్రవం తాగకుండా పరీక్ష చేస్తే ఆరోగ్యమైన పేగు కూడా జబ్బుగా కనిపించడానికి కారణం ఏమిటి?

9.5 చిత్రంలో ఏం చూస్తారు?

రేడియాలజిస్టు ప్రధానంగా ఐదు అంశాలను పరిశీలిస్తాడు.

1. గోడ మందం: ద్రవంతో విచ్చుకున్న పేగు గోడ సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించదు.
2. గోడలో నీరు: టి2 చిత్రంలో గోడ తెల్లగా ఉంటే వాపు చురుకుగా ఉందని అర్థం.
3. ఇరుకు: పేగు సన్నబడిన చోటు, దాని పొడవు, దానికి ముందున్న భాగం ఉబ్బిందా లేదా అనేది చూస్తారు. వాపు వల్ల వచ్చిన ఇరుకు మందులతో తగ్గవచ్చు. మచ్చకట్టడం వల్ల వచ్చిన ఇరుకుకు తరచు శస్త్రచికిత్స లేదా బెలూన్‌తో వెడల్పు చేయడం అవసరమవుతుంది. రెండూ కలిసి ఉండటం కూడా సాధారణమే.
4. గోడ బయటి మార్పులు: చీముగడ్డలు, పేగు నుంచి మరొక అవయవానికి ఏర్పడిన అడ్డదారులు (ఫిస్టులాలు), పేగుకు రక్తం తెచ్చే నాళాలు ఉబ్బి దువ్వెన పళ్లలా కనిపించడం.
5. శోషరస గ్రంథులు, పొట్టలో నీరు.

9.6 క్షయా? క్రోన్స్ వ్యాధా?

న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో ఇలియం చివరి భాగానికి వచ్చే ఒక వాపును వర్ణించారు. దానికే క్రోన్స్ వ్యాధి అనే పేరు స్థిరపడింది. ఇది సూక్ష్మజీవి వల్ల నేరుగా వచ్చే అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి పేగుపైనే దాడి చేయడం వల్ల వస్తుంది. చాలాకాలం దీనిని పాశ్చాత్య దేశాల వ్యాధిగా, మన దగ్గర పట్టణవాసుల వ్యాధిగా భావించారు. హైదరాబాద్‌లోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు తెలంగాణ గ్రామాలలో కూడా ఈ కోవకు చెందిన పేగు వాపు వ్యాధులు ఉన్నాయని తమ అధ్యయనంలో చూపారు. కాబట్టి పల్లె నుంచి వచ్చిన రోగికి "ఇది క్షయే అయి ఉంటుంది" అని ముందే తీర్మానించడానికి వీలులేదు.

మరోవైపు క్షయ మన దేశంలో ఇంకా విస్తృతంగా ఉంది. అది ఊపిరితిత్తులకే పరిమితం కాదు. పేగులో ఎక్కువగా ఇలియం, పెద్దపేగు కలిసే చోటును పట్టుకుంటుంది. అక్కడ శోషరస కణజాలం ఎక్కువగా ఉండటం, ఆహారం కొంతసేపు నిలిచి ఉండటం ఇందుకు కారణాలు. క్రోన్స్ వ్యాధికి కూడా ఇష్టమైన చోటు అదే. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

చిత్రంలో కనిపించే తేడాలను కింది విధంగా పోల్చవచ్చు.

క్రోన్స్ వ్యాధి వైపు మొగ్గు చూపేవి: జబ్బు భాగాల మధ్య ఆరోగ్యమైన పేగు మిగిలి ఉండటం, పేగు పొడవుగా దెబ్బతినడం, దువ్వెన పళ్ల వంటి రక్తనాళాలు, పేగు చుట్టూ కొవ్వు పెరగడం, మలద్వారం దగ్గర ఫిస్టులాలు.

క్షయ వైపు మొగ్గు చూపేవి: పెద్దపేగు మొదటి భాగం (అంధనాళం) కుంచించుకుపోవడం; ఇలియం ద్వారం తెరుచుకుని ఉండిపోవడం; పొట్టి ఇరుకులు; మధ్యభాగం కుళ్లిన పెద్ద శోషరస గ్రంథులు; పొట్టలో నీరు, పొట్ట లోపలి పొర మందం కావడం.

ఇవి "మొగ్గు చూపేవి" మాత్రమే. ఒకే చిత్రంలో రెండు పట్టికల నుంచీ లక్షణాలు కనిపించవచ్చు. ఎం.ఆర్.ఐ. జబ్బు ఎక్కడ ఉంది, ఎంత ఉంది, చురుకుగా ఉందా అనేది చెబుతుంది. ఆ జబ్బు పేరును మాత్రం చాలాసార్లు ఒంటరిగా చెప్పలేదు. అందుకే కొలనోస్కోపీ ద్వారా తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. క్షయ బాక్టీరియా కోసం వర్ధనం, జన్యు పరీక్షలు చేస్తారు. ఛాతీ ఎక్స్-రే తీస్తారు. ఎక్కడి నుంచి ముక్క తీయాలో నిర్ణయించడంలో ఎం.ఆర్.ఐ. దారి చూపుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? మన ఉదాహరణలోని యువకుడికి క్షయ ఉండగా క్రోన్స్ వ్యాధి అని స్టెరాయిడ్లు, రక్షణ వ్యవస్థను అణచే మందులు ఇచ్చారనుకోండి. క్షయ శరీరమంతా వ్యాపించవచ్చు. అతనికి క్రోన్స్ వ్యాధి ఉండగా నెలల తరబడి క్షయ మందులు మాత్రమే ఇస్తే ఆ కాలంలో పేగు మచ్చకట్టి ఇరుకవుతుంది. పైగా ఆ మందుల వల్ల కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది.

అన్ని పరీక్షల తరువాత కూడా తేలకపోతే మన దేశంలో వైద్యులు తరచు ముందుగా క్షయ చికిత్స మొదలుపెడతారు. రెండు మూడు నెలల తరువాత మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. "నొప్పి తగ్గింది" అన్న మాట ఒక్కటే చాలదు. క్రోన్స్ రోగికి కూడా క్షయ మందులతో తాత్కాలికంగా కొంత హాయిగా అనిపించవచ్చు. క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల చికిత్స సరిపోతుంది. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద మందులు ఉచితంగా ఇస్తారు. క్రోన్స్ వ్యాధి అయితే దీర్ఘకాలం మందులు, పర్యవేక్షణ అవసరం. అప్పుడు వికిరణం లేకుండా మళ్లీ మళ్లీ చేయగల ఎం.ఆర్.ఐ. విలువ మరింత పెరుగుతుంది.

9.7 పరిమితులు, జాగ్రత్తలు

• ఈ పరీక్షకు సి.టి. కంటే ఎక్కువ సమయం, ఖర్చు అవుతాయి. పేగుకు రంధ్రం పడినట్లు అనుమానించే అత్యవసర స్థితిలో సి.టి.యే మేలు.
• పేగు లోపలి పొరలోని చాలా చిన్న పుండ్లు ఎం.ఆర్.ఐ.కి చిక్కకపోవచ్చు.
• పేగు పూర్తిగా మూసుకుపోయి వాంతులవుతున్న రోగి వైద్యుని సలహా లేకుండా ద్రవం తాగకూడదు.
• పేస్‌మేకర్, మెదడులోని లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన పరికరాలు, శరీరంలో మిగిలిన లోహపు ముక్కల గురించి తప్పక చెప్పాలి. పుస్తెలతాడు, మెట్టెలు, మొలతాడుకున్న తాయెత్తు కూడా గది బయటే తీసి ఉంచాలి.
• మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి, గర్భిణులకు గెడోలినియం మందు విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.
• యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది. చెవులకు రక్షణ ఇస్తారు. ఇరుకు చోట్లంటే భయపడేవారు ముందే చెప్పాలి.

9.8 సారాంశం

చిన్నపేగు మధ్యభాగం సాధారణ ఎండోస్కోపులకు అందదు. ఎం.ఆర్. ఎంటిరోగ్రఫీ హైడ్రోజన్ ప్రోటాన్ల అనునాదాన్ని ఉపయోగించి, ఎక్స్-కిరణాలు లేకుండా పేగు గోడను, దాని పరిసరాలను చూపుతుంది. పేగును ద్రవంతో నింపడం, కదలికను ఆపడం, ఊపిరి బిగపట్టడం అనే మూడూ సరిగా జరిగితేనే చిత్రం నమ్మదగినదవుతుంది. మన ప్రాంతంలో ఈ పరీక్ష ముందున్న ముఖ్య ప్రశ్న పేగు క్షయను, క్రోన్స్ వ్యాధిని వేరుచేయడం. చిత్రం ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో తోడ్పడుతుంది. తుది నిర్ణయం మాత్రం రోగి చరిత్ర, ముక్క పరీక్ష, చికిత్సకు వచ్చిన స్పందన అన్నిటినీ కలిపి చూసి తీసుకోవాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. ఇరుకు చోట క్యాప్సూల్ చిక్కుకుని పేగుకు అడ్డుపడవచ్చు. దానిని తీయడానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.
2. ఖాళీ పేగు గోడలు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. అందువల్ల గోడ అసలు మందం కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఎం.ఆర్.ఐ. పనిచేసే సూత్రాన్ని వివరించి, చిన్నపేగు పరీక్షకు అవసరమైన సన్నాహాన్ని కారణాలతో తెలపండి.
2. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధులను వేరుచేయడంలో ఎం.ఆర్. ఎంటిరోగ్రఫీ పాత్రను, పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. చిన్నపేగును పరిశీలించే వివిధ పద్ధతులను పోల్చండి.
2. 1 టెస్లా యంత్రంలో ప్రోటాన్ల లార్మర్ పౌనఃపున్యం ఎంత? అది ఎఫ్.ఎం. ప్రసార పరిధిలో ఉందా?
3. ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్లే ముందు రోగి తెలపవలసిన విషయాలేవి?

అభ్యాసం: మీకు తెలిసిన ఒక వ్యక్తికి ఈ పరీక్ష రాశారని అనుకోండి. ఆ ద్రవం మొత్తం ఎందుకు తాగాలో, ఊపిరి ఎందుకు బిగపట్టాలో మీ ఇంట్లో మాట్లాడే భాషలో పది వాక్యాలు రాసి, చదువు లేని ఒకరికి వినిపించండి. వారు అడిగిన సందేహాలను రాసుకుని తదుపరి తరగతిలో మీ కౌన్సిలర్‌తో చర్చించండి.